ఎలుకల మేడం

రాంగోపాల్‌పేటలో కల్పలత గిర్నికి మంచి పేరుంది. జొన్నలు తెచ్చినవాళ్ళకు రొట్టె విరగని పిండి, శనగపప్పు తెచ్చినవాళ్ళకు వేలికి పట్టులా తగిలే పిండి ఇచ్చి పంపుతుందని చుట్టుపక్కల సందుల్లో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మామ పురుషోత్తం పోయినప్పుడు ఇక గిర్ని మూతపడ్డట్టేనని అందరూ అనుకున్నారు. భర్త ఓంప్రకాశ్‌కు సామాన్ల ఆటో తప్ప ఇంకో ధ్యాస లేదు. అప్పుడు కల్పలతే కొంగు బిగించింది. రాయికి గంట్లు కొట్టడం, బెల్టు మార్చడం, మోటరు వేడెక్కితే వాసన బట్టి పసిగట్టడం అన్నీ నేర్చుకుని గిర్నిని నిలబెట్టింది. శుభ్రం విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ. రోజూ పొద్దున అగరుబత్తి వెలిగించకముందే గిర్ని మొత్తం ఊడ్చేది.

అందుకే, ఒకనాడు పాత స్కూటరు మీద ఎవరో పెద్దావిడ వచ్చి, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు, ఒంటిమీద నూలు చీర, చేతిలో రెండు ఎలుకల బోన్లతో గుమ్మంలో నిలబడి, "అమ్మా, రెండు రోజులు ఇవి మీ గిర్నీలో పెట్టనిస్తారా?" అని అడిగేసరికి కల్పలతకు ఒళ్ళు మండింది. లోపల పిండి కోసం కూర్చున్న ఆడవాళ్ళు నలుగురూ తలలు తిప్పి చూశారు.

"మా గిర్నిల ఎలుకల్లేవు మేడం," అంది కల్పలత.

"ఎలుకలు లేని గిర్నీ నేను ఇంతవరకు చూడలేదండీ. ఉంటే మాత్రం చూడాలని ఉంది," అని ఆవిడ నవ్వింది. వెక్కిరింపు లేని నవ్వు. తన పేరు హదస్సా అనీ, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాననీ, సికింద్రాబాద్ ఎలుకల పేగుల్లో ఏయే పురుగులు ఉన్నాయో, అవి మనుషులకు చేరే వీలుందో లేదో చూస్తున్నాననీ చెప్పింది.

పేగులు, పురుగులు అన్న మాటలు వినగానే లోపల కూర్చున్నవాళ్ళలో ఒకావిడ తన డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. అది కల్పలత కంట పడింది.

"గిరాకీ టైములొచ్చి గీ మాటలేంది మేడం. పరేషాన్ చెయ్యకుండ్రి. పోయి ఇంకేడనన్న పెట్టుకోండ్రి."

"సరేనమ్మా. మీ పనికి అడ్డొచ్చాను, ఏమనుకోకండి," అని హదస్సా ఏమాత్రం నొచ్చుకోకుండా వెనుదిరిగింది. ఎదురుగా పర్వతాలు అనే ఆయన బెల్లం దుకాణం ఉంది. ఆయన ఎలుకలతో వేగలేక ఉన్నాడు కాబట్టి రెండు చేతులతో ఆహ్వానించాడు. ఆవిడ సంచిలోంచి మిర్చి బజ్జీ పొట్లం తీసి, ముక్కలు తుంచి బోన్లలో గుచ్చడం కల్పలత గిర్నిలోంచే చూసింది.

మర్నాడు పొద్దున పర్వతాలు దుకాణం ముందు జనం మూగారు. బోనులో పిల్లి అంత పందికొక్కు పడింది. అది పళ్ళు బయటపెట్టి గుర్రుమంటోంది. అందరూ దూరంగా నిలబడి ముక్కులు మూసుకుంటే హదస్సా మందపాటి తోలు తొడుగులు వేసుకుని బోను పక్కన గొంతుక్కూర్చుంది. మెల్లగా ఒక గుడ్డ కప్పింది. చీకటి కాగానే అది సద్దుమణిగింది.

"ఎంత బలిసిందో చూడండి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని చూసినప్పుడు వాళ్ళ భాషలో పేరు లేకపోయింది. మన తెలుగు మాటే తీసుకుని బాండికూట్ అన్నారు," అని ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన సంబరం చూసి, గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ కల్పలతకు విచిత్రంగా అనిపించింది. పందికొక్కును చూసి ఇట్లా మురిసిపోయే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు. సందులో పిల్లలు ఆ రోజే ఆవిడకు ఎలుకల మేడం అని పేరు పెట్టారు.

కల్పలతకు ఒక్కతే కూతురు, లౌక్య. ఒకటో తరగతి. బడి నుంచి రాగానే సంచి పడేసి గిర్నిలోకి పరుగెత్తుకొచ్చేది. ఎండకాలం పోయి వానలు మొదలైనప్పటి నుంచి పిల్ల తీరు మారింది. తిన్నదేదీ ఒంటికి పట్టడం లేదు. బొడ్డు చుట్టూ నొప్పి అని ముడుచుకుని పడుకునేది. ముద్ద నోటికి తీసుకెళితే చిరాకు. బడిలో నులిపురుగుల గోలి ఇచ్చారు. తగ్గలేదు. గల్లీ చివర క్లినిక్‌లో చూపిస్తే మళ్ళీ అదే గోలి రాసిచ్చారు. అప్పుడూ తగ్గలేదు.

అత్త శారదమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. "సందంత చూపులే దీనిమీద," అంది. కల్పలత కాదనలేదు. ఏది పనిచేస్తే అదే చాలనుకునే స్థితిలో ఉందామె.

ఒక ఆదివారం పొద్దున పిల్ల దొడ్డికి పోయి వచ్చి, "అమ్మా, నూలుపోగు లెక్క వచ్చింది," అంది. కల్పలత వెళ్ళి చూసింది. తెల్లగా, చదునుగా, బియ్యపు గింజకన్నా చిన్న ముక్కలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. గోలీలు వేసినప్పుడు పడే పురుగుల్లా లేవు. అంతలోనే ఎలుకల మేడం గుర్తొచ్చింది. పొమ్మన్న మనిషి దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళడం అన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, పిల్ల పొట్ట పట్టుకుని మెట్టు మీద కూర్చునుండటం చూశాక అది నిలవలేదు. పర్వతాలు దగ్గరికి వెళ్ళి నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"మేడం, నేను గిర్ని కల్పలతను. ఆనాడు మిమ్మల్ని..."

"గుర్తున్నారమ్మా. చెప్పండి."

కల్పలత చెప్పింది. అవతల ఆవిడ మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వింది. తర్వాత, "శుభ్రమైన సీసాలో కొంచెం తీసుకుని పాపతో సహా మా ఇంటికి రండి. లాలాగూడ, రైల్వే క్వార్టర్లు దాటాక చర్చి వెనక సందు. ఆరాధన అయిపోయింది, నేను ఇంట్లోనే ఉన్నాను," అంది.

హదస్సా ఇల్లు చిన్నది. ఆవిడ తండ్రి బాపట్ల వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, ఉద్యోగం చివర్లో కట్టుకున్న ఇల్లు. వసారాను గదిగా మార్చి అందులో ఒక బల్ల, సూక్ష్మదర్శిని, గాజు పలకలు పెట్టుకుంది. చర్చి చీర మార్చుకోకుండానే దాని మీద తెల్లకోటు వేసుకుని సీసా అందుకుంది. మూత తీసినప్పుడు ఆవిడ ముఖం చిట్లించుకోలేదు. కల్పలత అదే కనిపెట్టి చూస్తోంది. తల్లి అయిన తనే ముఖం తిప్పుకుని సీసాలోకి ఎత్తిన దాన్ని, ఆవిడ నగల కొట్టువాడు ముక్కుపుడక పట్టుకున్నంత పదిలంగా పుల్లతో తీసి గాజు మీద పెట్టింది.

చాలాసేపు చూసింది. పలక అటూ ఇటూ జరిపింది. ఆ తర్వాత తలెత్తి, మొదట పిల్లతో మాట్లాడింది.

"లౌక్యా, నీ పొట్టలో ఒక అద్దెకున్నవాడు ఉన్నాడు. అద్దె ఇవ్వకుండా నీ అన్నం తింటున్నాడు. ఖాళీ చేయిద్దామా?"

లౌక్య తలూపింది. ఆ తర్వాత ఆవిడ కల్పలతను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. ఒక కన్ను మూసుకోవడం చేతకాక కల్పలత కాసేపు తడుముకుంది. కనిపించాక ఇంకా దగ్గరికి వంగింది. పసుపుపచ్చగా, గుండ్రంగా, పలచటి తేనె చుక్కలా ఒక గుడ్డు. దాని మధ్యలో ఇంకో చిన్న గుండ్రం. ఆ గుండ్రంలో సన్నటి కొక్కేలు.

"ఆరు ఉంటాయి. ఇది ఎలుకల బద్దెపురుగు గుడ్డు. ఎలుక పేగుల్లో బతకాల్సింది, దారి తప్పి మీ పాపలోకి వచ్చింది."

"ఎలుక కరవలేదు మేడం. కరిస్తే నాకు తెల్వదా?"

"కరిస్తే రాదమ్మా. దానికో దారుంది." హదస్సా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎలుక పెంటికల్లో ఈ గుడ్లు పడతాయి. పిండిలో ఎర్రగా చిన్న పెంకుపురుగులు తిరుగుతాయి చూడండి, అవి ఆ పెంటికల్ని కొరుకుతాయి. గుడ్డు పురుగు కడుపులో పగిలి, లోపలున్న పిల్ల ఈ కొక్కేలతో దాని పేగు చీల్చుకుని బయటికొచ్చి, అక్కడే ఓపిగ్గా కూర్చుంటుంది. ఆ పురుగుని ఎలుక తింటే దాని పని అయినట్టే. మనిషి పొరపాటున మింగితే మనిషిలోనూ పెరుగుతుంది. పాప పచ్చి పిండి ఏమైనా తింటుందా?"

కల్పలత కూతురి వైపు చూసింది. లౌక్య నేల చూపులు చూసింది. గిర్ని ఊడ్చినప్పుడు వచ్చే పిండినంతా కల్పలత ఒక రేకు డబ్బాలో వేసి, ఆవులకు పెట్టడానికని మెషిను వెనక మూలన ఉంచేది. పర్వతాలు ఇచ్చే బెల్లం ముక్కను ఆ పిండిలో అద్దుకుని తినడం పిల్లకు అలవాటు. ఎప్పుడో ఒకసారి చూసి కసిరింది కూడా. మానిందనే అనుకుంది.

"నా గిర్నిలకెల్లే వచ్చిందన్నట్టు," అంది కల్పలత.

"ముందు ఇది వినండి. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు నేరుగా అంటుకునేది కూడా కాదు. అట్లా అంటుకునే మరుగుజ్జు జాతి ఇంకోటుంది, ఇది అది కాదు. రొట్టె కాల్చినా, పిండి ఉడికించినా ఈ పురుగుపిల్ల చచ్చిపోతుంది. మామూలు నులిపురుగుల మాత్ర దీనికి సరిగా పనిచేయదు, వేరే మందుంది. నేను మందులిచ్చే డాక్టర్ని కాదు కాబట్టి రేపు ఆసుపత్రికి మీతో వస్తాను."

"మీరొస్తరా?"

"ఎందుకు రాను?"

పొమ్మన్న మాట గురించి ఆవిడ ఎత్తలేదు. మనసులో పెట్టుకుని ఎత్తకపోవడం వేరు, అసలు మనసులోనే లేకపోవడం వేరు. ఆవిడది రెండోది అని కల్పలతకు ఆ వసారాలో కూర్చున్నప్పుడే అర్థమైంది.

మర్నాడు ఆసుపత్రిలో శాంతికుమార్ అనే పిల్లల డాక్టరు గాజు పలక చూసి ఆశ్చర్యపోయాడు. "చదువుకునేటప్పుడు బొమ్మలో చూశాను మేడం, మనిషిలో చూడటం ఇదే మొదలు," అని తన కింద చదువుతున్నవాళ్ళనందర్నీ పిలిచి చూపించాడు. పిల్ల బరువు చూసి మందు లెక్కగట్టి అక్కడే వేయించాడు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలన్నాడు. రెండు రోజులు తిరక్కముందే లౌక్య బడి నుంచి వచ్చి, ఎవరూ పిలవకుండా పీట వేసుకుని కూర్చుని, పప్పులో నెయ్యి తక్కువైందని గొడవ పెట్టింది. శారదమ్మ ఆ గొడవ వింటూ కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే కల్పలత ఫోన్ చేసింది. "మేడం, బోన్లు తీస్కరాండ్రి."

హదస్సా వచ్చి గిర్ని మొత్తం మోకాళ్ళ మీద పాకుతూ చూసింది. మోటరు దిమ్మ కింద, రోజూ చీపురు వెళ్ళని చోట, టార్చి వెలుగులో ఒక బొక్క కనిపించింది. అది నేరుగా వెనకనున్న మురుగు నాలాలోకి తెరుచుకుంది. దాని అంచున పెంటికలు, వాటి పక్కనే రాలిన పిండి. ఇంత ఊడ్చీ ఇన్నేళ్ళుగా ఇది తన కంట పడలేదని కల్పలత తలవంచుకుంది. "మీ చీపురు తప్పు కాదమ్మా. దిమ్మ కింద చూడాలంటే మనిషి ఎలుకంత కావాలి," అంది హదస్సా, చీరకంటిన పిండి దులుపుకుంటూ.

బోన్లలో పడ్డ ఎలుకలతో పాటు రేకు డబ్బాలోని పెంకుపురుగుల్ని కూడా ఆవిడ సీసాలో ఎత్తుకెళ్ళింది. "మీరు కూడా రండి, మీ గిర్నీ సంగతి మీరే చూద్దురుగాని," అని కల్పలతను కాలేజీ ల్యాబుకు పిలిచింది. ఎలుకకు మత్తిచ్చి, నొప్పి తెలియకుండా పోయిందని రెండుసార్లు సరిచూసుకున్నాకే కత్తెర పట్టింది.

"పాపమనిపియ్యదా మేడం?" అని అడిగింది కల్పలత.

"అనిపిస్తుంది. అందుకే కావాల్సినదానికన్నా ఒక్కటి కూడా ఎక్కువ పట్టను."

పేగును ఉప్పునీళ్ళ పళ్ళెంలో పెట్టి నిలువుగా చీల్చినప్పుడు లోపలినుంచి ఒక తెల్లటి పట్టీ జారి నీళ్ళలోకి వచ్చింది. మూరెడు పొడవుంది. ఒక కొస దారమంత సన్నం, పోనుపోను వెడల్పు. పెళ్ళి చీర అంచు కుట్టేవాడు కొలిచి మడతపెట్టినట్టు ఒకేతీరు ముక్కలు, వందల కొద్దీ. అది ఇంకా బతికే ఉంది. నీళ్ళలో నెమ్మదిగా ముడుచుకుంటూ, సాగుతూ కదిలింది. కల్పలత అసహ్యపడటానికి సిద్ధమై వచ్చింది. తీరా చూశాక కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"దీనికి నోరు లేదు, కడుపు లేదు," అంది హదస్సా పక్కన వంగి. "ఒళ్ళంతటితోనూ తింటుంది. ఎలుక రెండేళ్ళు బతకడమే గొప్ప. కానీ ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు మారుస్తూ పోతే ఈ పురుగు పద్నాలుగేళ్ళు బతికిందని వెనకటి శాస్త్రజ్ఞులు రాశారు. ఇంకో విచిత్రం చెప్పనా? దీని పిల్ల లోపల చేరిన పెంకుపురుగు మామూలుగా దాక్కోదు. బద్ధకంగా బయటే తిరుగుతుంది. ఎలుకకు తేలిగ్గా దొరకాలని. తలకాయ కూడా సరిగా లేని జీవి, ఇంకో జీవి నడకనే మార్చేస్తుంది."

ఆ తర్వాత గిర్ని పెంకుపురుగుల్ని ఒక్కొక్కటే గాజు మీద చిదిమి చూసింది. చాలావాటిలో ఏమీ లేదు. కొన్నింటిలో మాత్రం తోక ఉన్న చిన్న బుడగలు. అవే ఆ పురుగుపిల్లలని కల్పలతకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

బయటికొచ్చాక కల్పలత మెట్ల దగ్గర ఆగింది. "మేడం, ఆ డబ్బా కాడ ఆడేది మా లౌక్య ఒక్కతే కాదు. గల్లీల పిల్లలంత అక్కడనే ఆడుతరు."

"అవును. వాళ్ళకూ పరీక్ష చేయాలి. నా వ్యాసంలో ఒక పిండిగిర్నీ అని తప్ప ఎక్కడిదో రాయను. పరీక్షలకి కూడా మీ గిర్నీ పేరెత్తకుండానే అడుగుతాను. మిగతాది మీ ఇష్టం."

ఇంట్లో ఆ మాట చెప్పగానే ఓంప్రకాశ్ కంగారుపడ్డాడు. "మేడమే చెప్పనంటుంటే నీకెందుకే? ఊకో. బొక్క మూసేద్దాం, డబ్బా పారేద్దాం. తెలిస్తే ఒక్కరు రారు మన గిర్నికి. మా నాయిన పెట్టిన గిర్ని."

"మేడం పోయి అడిగితే సగం మంది ఇయ్యరు. నేను బోన్లు పెట్టనియ్యలే కదా మొదట. ఎందుకో తెలిస్తే ఇస్తరు. అందర్ని పిలిచి నేనే చెప్త," అంది కల్పలత. శారదమ్మ అప్పటిదాకా కొంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంది. "మీ నాయిన ఉంటే సుత చెప్పెటోడే," అని కొడుకుతో అని, "కుర్చీలు నేనడుగుత పర్వతాల్ని," అని లేచింది.

మర్నాడు మధ్యాహ్నం గిర్ని ఆపి, గుమ్మం ముందు కుర్చీలు వేసి కల్పలత సందులో ఆడవాళ్ళను పిలిచింది. హదస్సా కూడా వచ్చి ఒక పక్కన కూర్చుంది. కల్పలతే మొదలుపెట్టింది.

"మా లౌక్యకు పొట్టల ఎలుక పురుగు పడ్డది. ఈ గిర్నిలకెల్లే పడ్డది. మూలకున్న ఆవుల పిండి తిన్నది. మీ పిల్లలు సుత ఈడనే ఆడుతరు, తిని ఉంటరు. దాసిపెట్టుకుందామనుకుంటే నాకు అన్నం లోపలికి పోతలేదు. ఇప్పుడు లౌక్యకు నయమైంది. మేడం నయం చేయించింది. మీ పిల్లలది సుత జెర చూపెట్టుండ్రి."

ఒక మూల నుంచి ఒకావిడ లేచి, "ఇన్నేండ్ల సంది గదే పిండి తినవెడ్తున్నవా మాకు?" అని, తను పొద్దున ఇచ్చిన గోధుమల సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు ఆమె వెంట నడిచారు. కల్పలత ఆపలేదు.

అప్పుడు హదస్సా లేచింది. గొంతు పెంచలేదు. పిండి రొట్టె అయితే భయం లేదని, పచ్చిగా తింటేనే ప్రమాదమని, ఎలుకలు తిరిగే ఏ ఇంటి డబ్బాలోనైనా ఈ పురుగు ఉండొచ్చని, కల్పలత గిర్నిలో దొరకడానికి కారణం కల్పలత వెతకనివ్వడమేనని చెప్పింది. "నలభై ఏళ్ళ నుంచి ఎలుకల వెనక తిరుగుతున్నానమ్మా. మా దగ్గరే ఉంది, మా పిల్లకే వచ్చింది అని నలుగుర్ని పిలిచి చెప్పిన మనిషిని ఈవిడనే చూశాను." ఆ మాటలకు కల్పలత కుర్చీలో తల వంచుకుంది. బడిలో మార్కులు వచ్చినప్పుడు కూడా ఆమెను ఎవరూ అట్లా మెచ్చుకోలేదు.

సీసాలు వచ్చాయి. మొదట తక్కువ, రెండో రోజు ఎక్కువ, ఆ తర్వాత పక్క సందు నుంచి కూడా. హదస్సా సెలవు పెట్టి మరీ చూసింది. ఇద్దరు పిల్లల్లో అదే గుడ్డు దొరికింది. ఒక పిల్లవాడు ఆ డబ్బా దగ్గర ఆడినవాడే. ఇంకో పిల్ల వాళ్ళింట్లో మాత్రం గిర్ని పిండి వాడరు, ప్యాకెట్టు పిండే. వాళ్ళ వంటింట్లో బీరువా వెనక ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. శాంతికుమార్ ఇద్దరికీ మందు వేశాడు, ఇద్దరికీ తగ్గింది. ప్యాకెట్టు పిండి పిల్ల సంగతి తెలిశాక సందులో మాటల తీరు మారింది. తప్పెవరిదన్న మాట పోయి, ఎలుకలు ఎక్కడినుంచి వస్తున్నాయన్న మాట వచ్చింది.

గిర్ని కొన్నాళ్ళు మూతపడింది. ఓంప్రకాశ్ స్వయంగా దిమ్మ పక్క నుంచి తవ్వి, బొక్కలో గాజు పెంకులు కలిపిన సిమెంటు కూరాడు. నాలా మీద మూతలు విరిగిన చోట పర్వతాలు ముందుండి బండలు వేయించాడు. పిండి రాలే మూలలన్నీ నున్నగా గచ్చు చేశారు. ఆవుల పిండిని ఏ రోజుది ఆ రోజే పంపేయడం మొదలైంది. తెరిచిన మొదటి రోజున గిర్ని ముందు ఇద్దరే ఉన్నారు. ఒకరు పర్వతాలు భార్య. రెండోది హదస్సా, లాలాగూడ నుంచి స్కూటరు ముందు జొన్నల సంచి పెట్టుకుని వచ్చింది. గోధుమల సంచి తీసుకెళ్ళినావిడ పండగ ముందు శనగపప్పుతో వచ్చి, ఏమీ జరగనట్టు, "మెత్తగ పట్టు కల్పలతా," అంది. కల్పలత మెత్తగానే పట్టింది.

లౌక్యకు మళ్ళీ చేసిన పరీక్షలో ఏమీ లేదని తేలిన వారంలోనే హదస్సా ఇంకో పని పెట్టుకుంది. సికింద్రాబాద్ గిర్నీలవాళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెట్టాలని. లాలాగూడలో తమ చర్చి హాలు అడిగి తీసుకుంది. తీరా అందరూ వచ్చాక, రెండు మాటలు చెప్పి, "మిగతాది నాకన్నా కల్పలత గారు బాగా చెబుతారు," అని వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది.

కల్పలత లేచి ముందుకొచ్చింది. ఎదురుగా అంతా మగవాళ్ళే. తన గిర్ని సంగతి మొదలుపెట్టి, ఆగి ఆగి, చివరిదాకా చెప్పింది. వెనక వరుసలో హదస్సా కొత్తగా చేరిన విద్యార్థిలా చెవులు అప్పగించి వినడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఆ ఎలుకల మేడంకు తెలిసినదాంట్లో ఆవగింజంత కూడా తనకు తెలియదు. అయినా ఆవిడ వినే తీరు చూస్తే తన దగ్గర కూడా వినదగ్గది ఏదో ఉన్నట్టే అనిపించింది. చివరికొచ్చేసరికి ఆగకుండా చెప్పసాగింది.

మీటింగు అయిపోయి అందరూ చాయ్ గ్లాసులు పట్టుకున్నాక, చిలకలగూడలో గిర్ని నడిపే బ్రహ్మచారి అనే పెద్దాయన ఆమె దగ్గరికొచ్చాడు.

"అది కాదమ్మా, నాది పాతకాలం దిమ్మ. మోటరు లేపకుండ కింద బొక్క మూసుడెట్ల? లేపితే మల్ల లైను కుదరదు. పెద్ద తక్లీఫ్ అది."

"లేపుడు అవసరం లేదు కాకా. పక్కలకెల్లి తవ్వాలె. ఆగుండ్రి, చూపెడ్త."

కల్పలత సుద్ద ముక్క అడిగి తీసుకుంది. చర్చి హాలు నేల మీద చతికిలబడి దిమ్మ గీసింది, మోటరు గీసింది, నాలా ఎటువైపు ఉందని ఆయన్ను అడిగి అది కూడా గీసింది. ఇంకో నలుగురు గిర్నీలవాళ్ళు చాయ్ గ్లాసులతోనే చుట్టూ వంగారు. హాలు ఊడ్చే రోసమ్మ చీపురు పట్టుకుని వచ్చి, నేలంతా గీతలు చూసి నోరు తెరవబోయింది. పక్కన నిలబడ్డ హదస్సా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"కాసేపాగు రోసమ్మా," అంది మెల్లగా. "ఆమె చెప్పడం అయిపోనీ."